సముద్రం కింద బొగ్గు బాయి తవ్వించిన జార్జ్ బ్రూస్

స్కాట్లాండ్ చరిత్రలో రాజులు, యుద్ధాలు కాకుండా ఒక ఊరిని నిలబెట్టిన పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నేనైతే సర్ జార్జ్ బ్రూస్ పేరు చెప్తాను. మా నాన్న గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఎడిన్‌బరోలో మా దగ్గరికి వచ్చినప్పుడు కోటలో ఆయనకు గంట కూడా తోచలేదు గానీ, కూరస్ అనే చిన్న ఊరికి తీసుకెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయారు.

కూరస్ ఫైఫ్ ప్రాంతంలో, ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. అక్కడి మఠానికి చెందిన పాత బొగ్గు గనుల్ని బ్రూస్ 1575లో కౌలుకు తీసుకున్నాడు. బొగ్గు పొర సముద్రం కిందికి పోతుంటే దాని వెంటే తవ్వించుకుంటూ పోయాడు, ఆఖరికి నీళ్ల మధ్యలోనే రాళ్లతో గుండ్రటి గోడ కట్టించి అందులోంచి బాయి దింపించాడు. బొగ్గు అక్కడ పైకి వస్తే నేరుగా ఓడలోకే. ఇదంతా వినగానే నాన్న అడిగిన మొదటి మాట "మరి నీళ్లెట్ల తోడిన్రు రా?" అని. గుర్రాలు తిప్పే చక్రం, దానికి గొలుసు, గొలుసుకు వరసగా 36 బకెట్లు. లోపలికి ఒడ్డు మీది నుంచి ఒక దారి, సముద్రంలోంచి ఇంకో దారి ఉండేవని చెప్తే "అట్లయితే గాలి ఆడుతది" అని అప్పటికి ఊపిరి పీల్చుకున్నారు.

1617లో ఆరో జేమ్స్ రాజు వచ్చి ఈ బాయి చూశాడు. ఒడ్డున దిగి సముద్రం మధ్యలో తేలేసరికి, చుట్టూ నీళ్లు చూసి, ఇదేదో తన మీద కుట్ర అనుకుని "ద్రోహం!" అని కేక పెట్టాడని ఒక కథ చెప్తారు.

బొగ్గుతో పాటు సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీయడం, వాటితో ఓడ వ్యాపారం, ఆ డబ్బుతో కార్నాక్ అనే చోట భూములు. 1592లో కూరస్‌కు రాజపట్టణం హోదా, అంటే రాజు ఇచ్చే వ్యాపార హక్కులు, వచ్చింది, స్కాట్లాండ్ పార్లమెంటులో ఆ ఊరి తరఫున కూర్చున్నదీ ఈయనే. ఆయన కట్టించిన పసుపు గోడల ఇల్లు ఇప్పటికీ ఉంది, కిటికీల పైన 1597, 1611 అని చెక్కి ఉంటుంది. లోపల చెక్క పైకప్పు మీది బొమ్మల్ని తప్పకుండా చూడండి.

కానీ నాకు ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఒక విషయం దాచలేను. ఆయన కాలంలోనే, 1606లో, బొగ్గు, ఉప్పు పనివాళ్లు యజమాని చీటీ లేకుండా వేరే చోట పనికి చేరకూడదని చట్టం వచ్చింది. మనిషిని బాయికి కట్టేయడమే అది. 1775లో సడలించడం మొదలుపెట్టి 1799కి గానీ పూర్తిగా తీసేయలేదు. ఇది చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు, నాకూ ఏమనాలో తోచలేదు.

1625లో పెద్ద తుఫాను వచ్చి సముద్రం బాయిలోకి చొచ్చుకుపోయింది, ఆ ఏడే బ్రూస్ చనిపోయాడు. కొండ మీది చర్చిలో ఆయన సమాధి ఉంది, ఆయన, భార్య పడుకున్నట్టు, ముందు ఎనిమిదిమంది పిల్లలు మోకరిల్లినట్టు చెక్కారు.

డన్‌ఫర్మ్‌లిన్ నుంచి బస్సుంది. వెళ్లే ముందు ఆటుపోట్ల సమయం చూసుకోండి, నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడే ఆ బాయి రాళ్లు కనిపిస్తాయి. మేము చూసుకోకుండా వెళ్లి నాలుగు గంటలు ఒడ్డున కూర్చున్నాం.