పెయింట్ల టైటానియంతో పురుగుమందు ఎందుకు విరగలేదంటే

200 లీటర్ల డ్రమ్ములో స్ప్రేయర్లు కడిగిన నీళ్లు పోసి, పెయింట్ల కొట్టులో కొన్న టైటానియం డయాక్సైడ్ అర కిలో కలిపి మూడు రోజులు ఎండలో పెట్టారు. ల్యాబ్‌లో చూపిస్తే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు విరగకుండా దాదాపు ఉన్నంతా ఉంది, తప్పెక్కడ అని అడిగారు.

ముందు పౌడర్ దగ్గరే. పెయింట్లలో వేసేది రూటైల్ అనే స్ఫటిక రకం. గోడ మీది రంగు ఎండకు పిండిలా రాలకుండా ఆ రేణువులకు అల్యూమినా, సిలికా పూత పూస్తారు. ఎండ తగిలితే మందును విరగ్గొట్టే గుణాన్ని, అంటే మీకు కావలసినదాన్నే, చంపి మరీ అమ్ముతారన్నమాట. పైగా ఇమిడాక్లోప్రిడ్ తేట నీళ్లలో ఉత్త ఎండకే కొంత విరుగుతుంది. సున్నపు నీళ్లలా ఉన్న మీ డ్రమ్ములో పౌడరే దానికి గొడుగు పట్టింది.

పూత లేని అనటేజ్ అనే మరో స్ఫటిక రకం తీసుకోండి. పీ25 అనే రకంలో సుమారు 80 శాతం అనటేజ్ ఉంటుంది. లీటరుకు అర గ్రాము చాలు, ఎక్కువైతే వెలుగు పైపొరలోనే ఆగిపోతుంది. డ్రమ్ము మానేసి స్టీలు ట్రేలో 5 సెంటీమీటర్ల లోతు మించకుండా పోయండి. ఈ పౌడర్‌కు పనికొచ్చేది సుమారు 387 నానోమీటర్ల లోపు వెలుగే, ఎండలో అది నాలుగైదు శాతం. అందుకే పది నుంచి మూడు దాకా కాసేదే ఎండ. పైన పాలీకార్బొనేట్ షీటు కప్పితే ఆ కాస్తా పోయినట్టే. చేపల తొట్టి పంపుతో గాలి బుడగలు ఆగకుండా రావాలి. వెలుగు తగిలి విడిపోయిన ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ పట్టుకోకపోతే అది వెనక్కెళ్లి కలిసిపోతుంది.

బోరు నీళ్లలోని బైకార్బొనేట్, ఎండలో పౌడర్ మీద పుట్టి మందును విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మింగేస్తుంది, కడగడానికి వాన నీళ్లు మేలు. పీహెచ్ తగ్గించాలని వెనిగర్, నిమ్మరసం వేయొద్దు. అవీ విరగాల్సిన సరుకే, మందుతో పోటీకి వస్తాయి. సాల్వెంట్‌లో కరిగించి అమ్మే, నీళ్లలో పాలలా విరిసే ఈసీ మందులతోనూ ఇదే తంటా, వాటి సాల్వెంటే రాడికల్స్‌ను తినేస్తుంది.

పౌడర్ కలిపాక అరగంట చీకట్లో కలుపుతూ ఉంచి, అప్పుడు తీసిన శాంపిల్‌నే మొదటి లెక్కగా పెట్టుకోండి. లేకపోతే రేణువులకు అంటుకున్న మందును విరిగిందని పొరబడతారు. పౌడర్ లేని ట్రే ఒకటి పక్కనే ఎండలో ఉండాలి, అది లేకుండా ఏ అంకెనూ నమ్మను.

మందు పేరు రిపోర్టులోంచి పోగానే నీళ్లు బాగుపడ్డట్టు కాదు. ఇమిడాక్లోప్రిడ్ విరిగితే 6-క్లోరోనికోటినిక్ ఆమ్లం మిగలొచ్చు, దాన్నీ చూడమనండి. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు అయితే సగంలో ఆపడం మరీ ప్రమాదం, అది విరిగేటప్పుడు మధ్యలో వచ్చే ఆక్సాన్ అనే పదార్థం అసలు మందు కంటే విషం. టీఓసీ, అంటే నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్, కూడా తగ్గితేనే పని పూర్తయినట్టు.

చివర్లో పీహెచ్ 6-7 మధ్యకు తెస్తే రేణువులు ముద్దకట్టి రాత్రికి అడుగుకు చేరతాయి, పైనీళ్లు వంచుకోండి. మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పంపేది 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి, అందులోని కాలమ్ అనే గొట్టం మూసుకుపోతే ల్యాబ్‌వాళ్లు రెండోసారి మీ సీసా ముట్టుకోరు. పౌడర్ తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి.