పాఠకుల ప్రశ్నలు: మంచుబాటపై స్ప్రింటర్ ఎత్తుపల్లాలు

ప్రశ్న: అమెరికా స్కీ క్రీడాకారిణి కికన్ రాండల్ వరుసగా మూడు సీజన్లు ప్రపంచ కప్ స్ప్రింట్ విజేతగా నిలిచారు. అయినా 2014 సోచి ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాటలేకపోయారు. నాలుగేళ్ల తర్వాత మాత్రం స్వర్ణం గెలిచారు. ఇంతటి హెచ్చుతగ్గులకు కారణం ఏమిటి? పెద్ద పోటీల్లో ఆమె ఒత్తిడికి లొంగిపోయారని అనుకోవచ్చా?

జవాబు: ఆ మాట అనడానికి నాకు మనసొప్పదు. రాండల్ ప్రస్థానాన్ని సంవత్సరాల వారీగా పరిశీలిస్తే, ఆమె ఎదుర్కొన్న హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగానికి కారణం మనోబలం లోపించడం కాదనీ, ఆ పోటీ జరిగే విధానమూ ఒలింపిక్స్ కార్యక్రమం మారే తీరూ అనీ స్పష్టమవుతుంది.

ముందు పోటీ సంగతి చూద్దాం. పొడవాటి స్కీ పలకలు కాళ్లకు కట్టుకుని, చేతికర్రల ఊతంతో మంచుబాటపై సాగే క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో స్ప్రింట్ బాట సుమారు ఒక కిలోమీటరు నుంచి 1.8 కిలోమీటర్ల వరకు ఉంటుంది. దాన్ని పూర్తి చేయడానికి మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూగా పడుతుంది. మొదట జరిగే అర్హత పోటీలో క్రీడాకారులు 15 సెకన్ల తేడాతో ఒకరి తర్వాత ఒకరు బయలుదేరతారు. అతి తక్కువ సమయం తీసుకున్న 30 మందిని ఆరుగురు చొప్పున ఐదు హీట్లుగా విడదీసి క్వార్టర్ ఫైనల్స్ నిర్వహిస్తారు. ప్రతి హీట్ నుంచి మొదటి ఇద్దరు నేరుగా సెమీఫైనల్‌కు వెళతారు. మిగిలిన రెండు స్థానాలు ఓడినవారందరిలో మెరుగైన సమయం నమోదు చేసిన ఇద్దరికి దక్కుతాయి. సెమీఫైనల్స్ నుంచి ఆరుగురు ఫైనల్ చేరతారు. అంటే విజేత కావాలంటే కొన్ని గంటల వ్యవధిలో నాలుగుసార్లు పూర్తి శక్తితో పరుగెత్తాలి, ఆ నాలుగింటిలో ఒక్కసారి కూడా తడబడకూడదు. ఎదుటివారి కర్రపై స్కీ పడినా, మలుపులో దారి మూసుకుపోయినా, ఆ రోజు స్కీలు మంచుపై సరిగా జారకపోయినా అక్కడితో ముగిసిపోతుంది.

సోచిలో జరిగింది అదే. 2012, 2013 సీజన్లలో స్ప్రింట్ క్రిస్టల్ గ్లోబ్ (ప్రపంచ కప్ సీజన్ విజేతకిచ్చే ట్రోఫీ) గెలుచుకుని, 2014 సీజన్‌లోనూ దాని వైపే సాగుతున్న రాండల్, ఆ ఫిబ్రవరిలో పతకానికి గట్టి పోటీదారుగా అడుగుపెట్టారు. క్వార్టర్ ఫైనల్‌లో తన హీట్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. సమయం ఆధారంగా ముందుకు వెళ్లే అవకాశం 0.05 సెకను తేడాతో చేజారింది. మూడు నిమిషాల పరుగులో సెకనులో ఇరవయ్యో వంతు తేడాను చూపి ఒక మనిషి ధైర్యసాహసాలను నిర్ణయించడం న్యాయం కాదు. సీజన్ పొడవునా ఎన్నో దేశాల్లో, ఎన్నో రకాల బాటలపై సాధించిన పాయింట్లను కూడితే వచ్చేది క్రిస్టల్ గ్లోబ్. స్ప్రింటర్ సత్తా తెలుసుకోవాలంటే ఒక్క మధ్యాహ్నం వచ్చిన ఫలితం కంటే అదే నమ్మదగిన కొలమానమని నేను భావిస్తాను.

రెండో కారణం అంతగా చర్చకు రానిది. క్రాస్‌కంట్రీలో రెండు పద్ధతులున్నాయి. క్లాసిక్ పద్ధతిలో స్కీలు సమాంతరంగా, ముందే చేసి ఉంచిన గాడుల్లో కదులుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ మధ్యభాగాన పట్టునిచ్చే వ్యాక్స్ పూస్తారు. ఫ్రీ పద్ధతిలో మంచుపై స్కేటింగ్ చేసినట్టు స్కీలను ఇరుపక్కలకూ నెడుతూ సాగుతారు. ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్ప్రింట్ 2002, 2006లలో ఫ్రీ పద్ధతిలో జరిగింది. 2010లో క్లాసిక్, 2014లో ఫ్రీ, 2018లో మళ్లీ క్లాసిక్. రాండల్ బలం ఫ్రీ పద్ధతిలో ఉంది. 2002లో సాల్ట్ లేక్ సిటీలో బరిలో దిగినప్పుడు ఆమెకు 19 ఏళ్లు, దక్కింది 44వ స్థానం. 2006లో తొమ్మిదో స్థానానికి ఎదిగారు. తర్వాత ఆమె వేగంగా పైకి వచ్చారు. 2007 డిసెంబరులో రష్యాలోని రిబిన్‌స్క్‌లో ప్రపంచ కప్ పోటీ గెలిచి, క్రాస్‌కంట్రీలో ఆ ఘనత సాధించిన తొలి అమెరికన్ మహిళ అయ్యారు. 2008లో కాలిలో రక్తం గడ్డకట్టి చికిత్స పొందవలసి వచ్చినా, మరుసటి ఏడాది లిబెరెత్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం సాధించారు. సరిగ్గా అలాంటి ఊపులో ఉండగా వచ్చిన వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్ప్రింట్ క్లాసిక్ పద్ధతిలో జరిగింది. ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంటే తనకు అనువైన పద్ధతిలో ఆమెకు మిగిలింది ఒక్క సోచి మాత్రమే. ఎనిమిదేళ్లకొకసారి వచ్చే అవకాశం ఒక్క హీట్‌లో పోతే, మరుసటి దానికి ఆమె వయసు 39 ఏళ్లు అవుతుంది.

అయితే పద్ధతి ఇలా మారుతూ ఉండే ఆ నియమంలోనే ఇంకో అవకాశం దాగి ఉంది. వ్యక్తిగత స్ప్రింట్ క్లాసిక్‌లో జరిగిన ఏడాది జట్టు స్ప్రింట్ ఫ్రీ పద్ధతిలో జరుగుతుంది. ఇద్దరు క్రీడాకారిణులు మార్చి మార్చి చెరి మూడు చుట్లు తిరిగే పోటీ ఇది. 2018 ఫిబ్రవరి 21న ప్యాంగ్‌చాంగ్‌లో రాండల్, జెస్సీ డిగ్గిన్స్ జోడీ ఆ పోటీ ఫైనల్‌లో నిలిచింది. చివరి చుట్టులో డిగ్గిన్స్ ముగింపు రేఖ దగ్గర స్వీడన్‌కు చెందిన స్టీనా నిల్సన్‌ను దాటి, 0.19 సెకను తేడాతో స్వర్ణం తెచ్చారు. క్రాస్‌కంట్రీలో అమెరికాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. 1976లో బిల్ కాక్ గెలిచిన రజతం తర్వాత వచ్చిన తొలి పతకం కూడా అదే. రాండల్‌కు అప్పటికి 35 ఏళ్లు, అది ఆమెకు ఐదో ఒలింపిక్స్. ఈ 0.19 సెకనును గొప్పతనంగా కీర్తించి, ఆ 0.05 సెకనును బలహీనతగా లెక్కించడం నాకు సరైనదనిపించదు. రెండు రోజుల్లోనూ ఆమె చూపిన శ్రమలో తేడా లేదు.

ప్రశ్న: మూడు నిమిషాల్లో ముగిసే పోటీ కోసం స్ప్రింటర్లు కూడా దూరపు పోటీల వారిలాగే గంటల తరబడి సాధన చేస్తారట. అంత అవసరమా?

జవాబు: అవసరమే. మూడు నిమిషాల తీవ్ర శ్రమలో కండరాలకు అందే శక్తిలో సగానికి పైగా ఆక్సిజన్ ద్వారానే వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, ఒక పరుగుకూ మరో పరుగుకూ మధ్య కోలుకునే శక్తి. రెండో సెమీఫైనల్‌లో ఆడినవారికి ఫైనల్‌కు ముందు దొరికే విశ్రాంతి మొదటి సెమీఫైనల్ వారికంటే తక్కువ. అక్కడ నిలబడేది ఏళ్ల తరబడి ఓర్పును పెంచుకున్న శరీరమే. అందుకే వేసవిలో చక్రాల స్కీలపై, కొండదారుల్లో పరుగులు, బరువులతో కసరత్తు సాగుతాయి. ఈ సాధన ఫలితం నెమ్మదిగా వస్తుంది కాబట్టి చాలామంది స్ప్రింటర్లు ఇరవయ్యో పడి చివరి సంవత్సరాల్లోగాని తమ ఉత్తమ దశకు చేరరు. హద్దు దాటిన సాధన మాత్రం నెలల తరబడి అలసటను మిగిల్చి, ఒక సీజన్ మొత్తాన్నీ మింగేయగలదు. బయటి నుంచి చూసేవారికి కారణం లేని పతనంగా కనిపించేవాటిలో చాలా వరకు ఇటువంటివే.

ప్రశ్న: ప్రసవం తర్వాత ఒక స్కీ క్రీడాకారిణి మళ్లీ అగ్రస్థాయికి చేరడం సాధ్యమేనా? రాండల్ విషయంలో అది ఎలా జరిగింది?

జవాబు: రాండల్‌కు 2014–15 సీజన్‌లో ఫలితాలు బాగా తగ్గాయి. మరుసటి సీజన్ ఆమె పోటీలకు దూరంగా ఉండి, 2016 ఏప్రిల్‌లో కుమారునికి జన్మనిచ్చారు. ఏడాది తిరగకుండానే, 2017 ఫిబ్రవరిలో ఫిన్లాండ్‌లోని లాహ్తి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఫ్రీ పద్ధతి స్ప్రింట్‌లో కాంస్యం గెలిచారు. నార్వేకు చెందిన మైకెన్ కాస్పెర్సెన్ ఫాల్లా స్వర్ణం, డిగ్గిన్స్ రజతం పొందారు. ప్యాంగ్‌చాంగ్ స్వర్ణానికి దారి తీసింది ఈ కాంస్యమే అని నేను నమ్ముతాను, ఎందుకంటే జట్టులో ఆమె స్థానం మీద ఎవరికీ సందేహం మిగలకుండా చేసింది అదే.

ఈ విషయంలో నార్వే క్రీడాకారిణి మారిట్ బ్యోర్గెన్ ఉదాహరణ ఇంకా బలమైనది. ఆమె 2003లోనే స్ప్రింట్‌లో ప్రపంచ విజేత. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో అనారోగ్యం వల్ల ఒకే ఒక రజతంతో తిరిగివచ్చారు. 2010 వాంకూవర్‌లో మాత్రం స్ప్రింట్‌తో సహా మూడు స్వర్ణాలు, మొత్తం ఐదు పతకాలు గెలిచారు. 2015 డిసెంబరులో తల్లి అయ్యాక, లాహ్తిలో నాలుగు స్వర్ణాలు సాధించారు. ఇద్దరికీ అనుభవజ్ఞులైన శిక్షకుల, కుటుంబ సభ్యుల అండ ఉంది. అది లేనివారిని ఈ ఇద్దరితో పోల్చి నిందించకూడదని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

రాండల్ 2018లో రిటైరయ్యారు. ఆ ఏడాదే ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. చికిత్స అనంతరం 2019లో న్యూయార్క్ మారథాన్‌ను మూడు గంటల లోపే పూర్తి చేశారు.

ప్రశ్న: స్ప్రింట్‌లో కింద పడితే, గాయపడితే ఇక పతకం మీద ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: సాధారణంగా వదులుకోవలసిందే. అయితే రెండు సందర్భాలు చెప్పక తప్పదు. వాంకూవర్‌లో అర్హత పోటీకి ముందు శరీరాన్ని సిద్ధం చేసుకుంటున్న స్లోవేనియా క్రీడాకారిణి పెత్ర మైదిచ్ బాట పక్కనున్న లోతైన గుంతలో పడిపోయారు. పక్కటెముకలు విరిగాయి. ఆ బాధతోనే అర్హత పోటీ, క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ పూర్తి చేసి, బ్యోర్గెన్, పోలండ్‌కు చెందిన యుస్తినా కొవల్చిక్ తర్వాత మూడో స్థానంలో నిలిచారు. ఊపిరితిత్తి కూడా దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించారు. ఇది అనుసరించదగిన ఆదర్శమని నేను అనను. విరిగిన ఎముకలతో పోటీ పడటం ప్రాణానికి ముప్పు. కానీ క్రీడా చరిత్రలో ఇంతటి సహనం అరుదు.

రెండోది సోచి పురుషుల ఫైనల్. స్వీడన్‌కు చెందిన ఎమిల్ యోన్సన్ శరీరం సహకరించక దాదాపు పోటీ వదిలేసినంతగా వెనకబడ్డారు. ముందున్న ముగ్గురు ఒక్కసారిగా పడిపోవడంతో, వారిని దాటి కాంస్యం అందుకున్నారు. ఆ రోజు స్వర్ణం గెలిచిన నార్వే ఆటగాడు ఓలా విగెన్ హాట్టెస్టాడ్ కథ కూడా తెలుసుకోదగ్గదే. 2009లో ప్రపంచ విజేత అయిన ఆయన, మరుసటి ఏడాది వాంకూవర్‌లో నాలుగో స్థానంతో పతకం కోల్పోయి, నాలుగేళ్ల తర్వాత దాన్ని స్వర్ణంగా పొందారు.

ప్రశ్న: నార్వేకు చెందిన యోహానెస్ క్లేబో విషయంలో ఇటువంటి హెచ్చుతగ్గులు కనిపించవు. ఆయన వీటి నుంచి ఎలా తప్పించుకోగలిగారు?

జవాబు: రెండు పద్ధతుల్లోనూ సమానమైన పట్టు ఉండటమే మొదటి కారణం. 2018లో 21 ఏళ్ల వయసులో క్లాసిక్ స్ప్రింట్ స్వర్ణం, 2022లో ఫ్రీ పద్ధతిలో స్వర్ణం గెలిచిన ఆయనకు, కార్యక్రమం ఏ పద్ధతి వైపు తిరిగినా నష్టం లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో కూడా 2019, 2021, 2023, 2025లలో స్ప్రింట్ స్వర్ణాలు ఆయనవే. క్లాసిక్‌లో ఎత్తు వచ్చినప్పుడు చిన్న చిన్న అడుగులతో దాదాపు పరుగెత్తినట్టు ఎక్కే ఆయన తీరును నేడు యువ క్రీడాకారులు శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. రెండో కారణం, హీట్‌లలో ఆయన తన శక్తిని దాచుకుని, చివరి ఎత్తు మీదగాని చివరి వంద మీటర్లలోగాని ప్రయోగించే నేర్పు. అలాగని ఆయనకు ఎదురుదెబ్బలే లేవనుకోవడం పొరపాటు: 2021లో జర్మనీలోని ఓబర్‌స్ట్‌డోర్ఫ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 50 కిలోమీటర్ల పోటీలో మొదట గమ్యం చేరినా, ప్రత్యర్థికి అడ్డువచ్చినందుకు ఆయన ఫలితాన్ని రద్దు చేశారు.

రెండు పద్ధతుల్లోనూ పట్టు ఉండాలన్న పాఠాన్ని ఆలస్యంగా నేర్చినవారిలో ఇటలీకి చెందిన ఫెదెరీకో పెల్లెగ్రీనో ముఖ్యులు. 2017లో ఫ్రీ పద్ధతిలో ప్రపంచ విజేత అయిన ఆయన, మరుసటి ఏడాది ఒలింపిక్స్‌లో క్లాసిక్ స్ప్రింట్ తప్పదని తెలిసి ఆ పద్ధతిని మెరుగుపరచుకున్నారు. ప్యాంగ్‌చాంగ్‌లో ముగింపు రేఖ వద్ద తీసిన ఫోటో ఆధారంగా రష్యా ఆటగాడు అలెగ్జాండర్ బొల్షునోవ్ కంటే ముందున్నట్టు తేలడంతో రజతం పొందారు. ఫ్రీ పద్ధతి మళ్లీ వచ్చిన 2022లో, 31 ఏళ్ల వయసులో, క్లేబో వెనుక ఆయనకు మరో రజతం లభించింది.