మేస్త్రి జవాబులు: స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, ఇంజిన్ అందుకోదు

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది గుణుపురం దగ్గర పల్లె. పాత సైకిలుకి 66 సీసీ కిట్ ఇంజిన్ బిగించిన బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వంకాయలు, బెండకాయలు సంతకి దాని మీదే వేసుకెళ్తాను. వానలకి దారి పాడైతే, సగం ట్యాంకు పెట్రోల్‌తోనే వరండాలో పెట్టేశాను. దసరా అయ్యాక తీస్తే స్టార్టవడం లేదు. తొక్కి క్లచ్ వదిలితే ఒక్కసారి ‘ఢబ్’మని ఊరుకుంటోంది. ప్లగ్ తీస్తే తడి. తుడిచి పెడితే మళ్ళీ తడే. రాత్రి హెడ్‌కి ఆనించి చూశాను, స్పార్క్ వస్తోంది. ఇక్కడి మెకానిక్ కార్బురేటర్ మార్చేయమంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు బాబూ. నీ ఉత్తరంలోనే సగం సంగతి ఉంది. ప్లగ్ తడిగా ఉందంటే పెట్రోల్ పైదాకా వస్తోందన్నమాట. రాకపోతే కదా కార్బురేటర్ మూసుకుపోయిందనాలి! వస్తున్నది పెట్రోలేనా, మరీ ఎక్కువ వస్తోందా అన్నదే మనం చూడాలి.

ముందు ట్యాంకులోది పైపు ఊడదీసి గాజు సీసాలోకి దించు. ఓ గంట కదపకుండా ఉంచు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం. మూత సరిగ్గా బిగియని ట్యాంకు వంశధార ఒడ్డున వానాకాలమంతా ఉంటే ఏమవుతుంది మరి? నీళ్ళు మితి మీరాక ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి, నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోతుంది. సీసా అడుగున వేరే పొర కనిపిస్తే అదే. కాక్, అంటే పెట్రోల్ కుళాయి, ఉండేది కూడా ట్యాంకు అడుగునే కాబట్టి ఇంజిన్ ముందు తాగేది దాన్నే. నువ్వు కలిపిన టూటీ (టూ-స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ పై పొరతోనే ఉండిపోతుంది. అంటే ఆ అడుగు పొర సరిగ్గా మండదు, పిస్టన్‌కి జారుడూ ఇవ్వదు. పొర కనిపించకపోయినా ఆ పాత పెట్రోల్‌ని మళ్ళీ పొయ్యకు. ట్యాంకు, కార్బురేటర్ కింది గిన్నె రెండూ కడుగు. గిన్నె తీసినప్పుడు ఫ్లోట్, అంటే పెట్రోల్ మీద తేలే బుడ్డిని, పైకెత్తి చూడు. దాని సూది జిగురుకి అంటుకుపోతే పెట్రోల్ ఆగకుండా పారుతుంది. జెట్‌లో, అంటే పెట్రోల్ వచ్చే సన్న కన్నంలో, ఇనప తీగ దూర్చకు, ఇత్తడి గీసుకుపోతుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టించు చాలు.

తుడిచినా మళ్ళీ ఎందుకు తడుస్తోందంటావు. నాలుగు స్ట్రోకుల బండిలాగా కాదిది, రెండు స్ట్రోకులది. ఇందులో పెట్రోల్ ముందు కింద క్రాంకు గదిలోకి వెళ్ళి, అక్కడినుంచి పక్కదారుల్లో పైకొస్తుంది. నువ్వు తొక్కిన కొద్దీ ఆ గదిలో చేరి కూర్చుంది. ప్లగ్ ఒక్కటే తుడిస్తే ఏం లాభం? ట్యాంకు ఖాళీ చేశాక ప్లగ్ తీసి, పంక్చర్ వేసేటప్పుడు పెట్టినట్టు సైకిల్‌ని సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టు. క్లచ్ వదిలేసి వెనక చక్రం మెల్లగా తిప్పు. ప్లగ్ కన్నంలోంచి ఎంత కారుతుందో నువ్వే చూస్తావు. కింద పాత గోనె వెయ్యి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఏవీ ఉండకూడదు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పు.

ఇక నీ స్పార్క్ మీద నాకు నమ్మకం లేదు. చీకట్లో ఏ మిణుగురైనా దీపంలాగే ఉంటుంది! పగలు వరండా నీడలో చూడు. నీలంగా, చిటపటమంటూ దూకితే మంచిది. సన్నగా ఎర్రగా ఉంటే లోపల ఒత్తిడిలో అది నిలవదు. అప్పుడు కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే స్విచ్) వైర్లు ఊడదీసి, మాగ్నెటో (ఇంజిన్లో కరెంటు పుట్టించేది) నుంచి వచ్చే రెండు వైర్లనీ, ఒకదానికొకటి కాదు, సీడీఐ డబ్బా (ప్లగ్‌కి స్పార్క్ పంపేది) వైర్లకి నేరుగా కలిపి చూడు. వానకి తడిసిన కిల్ స్విచ్ లోపల్లోపలే స్పార్క్‌ని మింగేస్తుంది. ఇంజిన్లోంచి తెల్ల వైరు ఒకటి ఊరికే వేలాడుతుంటే అది లైటుది. ఫ్రేముకి తగలకుండా టేపు చుట్టు. ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్‌ని దాని కన్నానికి దూరంగా ఆనించు. అందులోంచి పెట్రోల్ ఆవిరి ఎగజిమ్ముతుంది, అంటుకుంటే చెయ్యి కాలుతుంది.

అన్నీ అయ్యాక చెంచాలో సగం కొత్త పెట్రోల్, ఆయిల్ కలిపినదే, ప్లగ్ కన్నంలో పోసి ప్లగ్ బిగించి తొక్కు. నాలుగు క్షణాలు ఆడి ఆగిందా, అప్పుడు కార్బురేటర్ మాట ఆలోచిద్దాం. అదీ కడగడానికే, మార్చడానికి కాదు. అసలు ఉలకకపోతే ప్లగ్ కన్నం మీద బొటనవేలు పెట్టి, ఎవరిచేతనైనా చక్రం తిప్పించు. వేలు గట్టిగా ఎగదన్నకపోతే రింగులో, హెడ్ గ్యాస్కెట్టో పోయిందన్నమాట. అప్పుడు బండిని పర్లాకిమిడి తెచ్చుకో, విప్పాల్సిందే.

ప్రశ్న: నాదీ అలాంటి కిట్ బండే. లీటరుకి 20 మి.లీ. ఆయిల్ కలుపుతున్నాను. సరిపోతుందా? (కాశీనగర్)

జవాబు: అది పాత టూ-స్ట్రోక్ టీవీఎస్ ఎక్సెల్ లెక్క తమ్ముడూ. ఈ కిట్ ఇంజిన్లకి చాలదు. కొత్తలో లీటరుకి 60, తర్వాత 50 మి.లీ. పొయ్యి. పొగ కాస్త ఎక్కువొస్తుంది, రానీ.

ప్రశ్న: సైకిలే కదా, ఈ కిట్ బండికి రిజిస్ట్రేషన్ ఎందుకు? పాతపట్నం వైపు వెళ్తే ఆపుతున్నారు.

జవాబు: ఆపుతారు మరి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువున్న బండికి ఇంజిన్ 25 సీసీ దాటకపోతేనే మోటారు వాహనం కింద లెక్కరాదు. నీది 66. పెడల్స్ ఉన్నాయని చూపించినా ఒప్పుకోరు. ఇక్కడ ఒడిశాలోనైనా అంతే, గట్టు అవతల ఆంధ్రాలోనైనా అంతే. కొత్తగా కొనాలనుకునేవాళ్ళు ముందు కాగితాలు అడగండి, తర్వాతే బేరం.