మిల్లు పైకప్పు విప్పే ముందు

చిరంజీవి రవికి ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ తాతగారి బియ్యపు మిల్లును కూల్చకుండా, భోజనశాలగానూ కొమ్ము బొమ్మల అంగడిగానూ మారుస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! కానీ నువ్వు పంపిన ప్లాను నాకు నచ్చలేదు. పెద్ద హాలును గదులు గదులుగా కోసేసి, పైన ఫాల్స్ సీలింగ్ వేశారు. టేకు దూలాలు, వాటి మీద బంగాళా పెంకులు, ఈ గోడ నుంచి ఆ గోడకు సాగిన షాఫ్టు, దాని పుల్లీలు... ఆ మిల్లు అందమంతా తలెత్తి చూస్తేనే కదా కనిపించేది! లండన్‌లో బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రాన్ని 2000లో టేట్ మోడర్న్ కళాప్రదర్శనశాలగా తెరిచినప్పుడు, యంత్రాలు తీసేశారు గానీ టర్బైన్ హాలును ముక్కలు చేయలేదు. నువ్వూ హాలును అలాగే వదిలెయ్. వంటగది, మరుగుదొడ్లు వెనుక బాయిలరు గది వైపు కట్టుకో.

గోడల విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. అవి డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నంతో, కట్టిన ఇటుక గోడలు. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది, చెమ్మ ఇటుకలోనే నిలిచి ఉప్పు పొంగుతుంది. తూకం గదిలో ఎవరో సిమెంటు పూసిన గోడ అడుగున పెచ్చు ఊడిన చోట గోరుతో గీసి చూడు, ఎర్రటి పొడి రాలుతుంది. పక్కనే సున్నపు గోడ రాయిలా ఉంది. ఆ సిమెంటును మెల్లగా రాల్పించి, మళ్లీ సున్నమే పూయించు. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే, అయినా దొరికేదాకా ఆగు. రెండూ ఒకటేనని చెప్పేవాళ్ల మాట వినకు.

2018లో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో చూశావు కదా. పెంకులు దింపినప్పుడే దూలాల చివరలు గోడలోకి దూరిన చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడు. కుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. మెత్తగా దిగితే ఆ మేరకే కోసి కొత్త టేకు అతికించవచ్చు, దూలమంతా మార్చనక్కర్లేదు. తర్వాత, అలాంటి గాలికి పైకప్పు లేచిపోకుండా, ప్రతి దూలాన్నీ ఇనుప పట్టీలతో గోడకు బిగించాలి.

వెనుక షెడ్డు మీది ఆస్బెస్టాస్ రేకులను కూలీల చేత పగలగొట్టించకు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. రేకులు తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దింపడం తెలిసినవాళ్లకే అప్పగించు.

మున్సిపాలిటీ, అగ్నిమాపక శాఖల అనుమతులకు ఇప్పుడే దరఖాస్తు పెట్టు. పని మాత్రం వానలు తగ్గాకే. ఈలోగా వాన పడుతున్నప్పుడు లోపల నిలబడి, నీరు కారే ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టు. ఇంజనీరు వచ్చే రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను.

మీ మామయ్య