స్మాష్ కొడితే నొప్పెట్టే భుజం

చి. లాస్యకు ఆశీస్సులు.

మూడు వారాలు బ్యాడ్మింటన్ రాకెట్ ముట్టకపోయినా, కోర్టులోకి దిగి స్మాష్ (తల పైనుంచి బలంగా కిందికి కొట్టే షాట్) కొట్టగానే కుడి భుజం ముందువైపు మళ్ళీ పోటు మొదలైందని రాశావు. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుందే గాని బలాన్నివ్వదు. తిరగబెట్టింది అందుకే.

నొప్పి ముందున్నా లోపం చాలాసార్లు వెనకే ఉంటుంది. భుజం కీలు గుంటకు లోతు తక్కువ. చేతి ఎముక తల అందులో కుదురుగా ఉండేలా పట్టి ఉంచేది రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు. షటిల్‌ని కొట్టాక దూసుకుపోయే చేతికి బ్రేకు వేసేది వాటిలో వెనకవైపువి. అవి అలసిపోయినా, వీపు మీది రెక్క ఎముక సరిగా తిరగకపోయినా కండరాల్ని ఎముకకు కలిపే టెండాన్ల మీద భారం పడుతుంది.

కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, కీలు జారినట్టున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా నేను చెప్పబోయే వ్యాయామాలేవీ మొదలుపెట్టకుండా ముందు ఎముకల డాక్టరుకి చూపించు. స్కాన్‌లో టెండాన్‌కి చిన్న చిరుగు కనబడిందని మాత్రం హడలిపోకు. నొప్పి లేని ఆటగాళ్ళలోనూ అవి కనిపిస్తాయి.

ముందు కొలత. వెల్లకిలా పడుకుని చేతిని భుజం ఎత్తున పక్కకు చాపి, ముంజేయి నిటారుగా పైకి ఉండేలా మోచేయి 90 డిగ్రీలు వంచు. భుజం లేవకుండా ఒకరు పట్టుకోవాలి. మణికట్టు వంచకుండా ముంజేతిని పాదాలవైపు ఎంత, తలవైపు ఎంత వంచగలవో రెండు చేతులకీ చూడు. పాదాలవైపు కుడిచెయ్యి తక్కువ వంగడం ఒక్కటే జబ్బు కాదు, ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళకి తలవైపు ఆ మేరకు పెరుగుతుంది. రెండూ కలిపిన మొత్తం ఎడమచేతి కన్నా 5 డిగ్రీలకు మించి తగ్గితేనే సాగదీయాలి. కుడిపక్కకు పడుకుని, కుడిచేతిని ఎడమచేత్తో ఛాతీ మీదుగా లాగి 30 సెకన్లు ఉంచు. అలా నాలుగుసార్లు. భుజం ముందువైపు నొప్పి వస్తే ఆపెయ్.

అసలు పని బలం పెంచడం. ఎడమపక్కకు పడుకుని, కుడి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టుకో. కిలో డంబెల్‌తో ముంజేతిని రెండు సెకన్లలో పైకెత్తి, నాలుగు సెకన్లలో దించు. ఈ దించడాన్నే అందరూ తొందరగా కానిచ్చేస్తారు, బ్రేకుకి బలం వచ్చేది అక్కడే. 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. రెక్క ఎముక కోసం పుషప్ పైకొచ్చాక మోచేతులు వంచకుండా నేలను ఇంకాస్త నెట్టు. బోర్లా పడుకుని బొటనవేళ్ళు పైకి పెట్టి చేతుల్ని ఇంగ్లీషు వై (Y) ఆకారంలో లేపు, దీనికి మొదట బరువు వద్దు. నొప్పికి పదికి ఎన్ని మార్కులో వేసుకుంటే మూడు దాకా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి మాత్రం తగ్గిపోవాలి.

నెట్ దగ్గరి ఆట, డ్రైవ్‌లు (నెట్ మీదుగా నేరుగా కొట్టేవి), క్లియర్లు (అవతలి కోర్టు చివరిదాకా ఎత్తుగా పంపేవి) హాయిగా ఆడగలిగాకే స్మాష్. మొదట సగం బలంతో పది. రెండు సెషన్లు నొప్పి లేకుండా గడిస్తే ఇరవై. లెక్కనీ బలాన్నీ ఒకే రోజు పెంచకు. జంప్ స్మాష్ అన్నిటికన్నా చివర. అడుగులు ఆలస్యమై షటిల్ నీ తల దాటి వెనక్కి వెళ్ళిపోతే భారమంతా భుజమే మోస్తుంది, కాబట్టి ఫుట్‌వర్క్ ఆపకు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం ఎన్నడూ ఆడొద్దు తల్లీ. వచ్చే టోర్నమెంట్‌లో సింగిల్స్, డబుల్స్‌లో ఏదో ఒకటే ఆడు.

రెండు చేతుల కోణాలూ కొలిచి రాయి.