9000 ఆర్పీఎం కావాలంటే ముందు రాడ్ బోల్టుల సంగతి చూడండి

ప్రశ్న: నమస్తే సార్. నా రేస్ కార్లో 1600 సీసీ నాలుగు సిలిండర్ల ట్విన్ క్యామ్ ఇంజిన్ ఉంది, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 77 మిల్లీమీటర్లు. ఇంకా వేగంగా తిరక్కుండా కంపెనీ లిమిటర్ 7500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర కట్ చేసేస్తుంది. నాకు 9000 దాకా తిరగాలి, అలాగని సీజన్ మధ్యలో చేతులెత్తేయకూడదు. పెద్ద క్యామ్‌లు (వాల్వులు తెరిచేవి) ఆల్రెడీ కొనేశా. ఇప్పుడు ఫోర్జ్‌డ్ పిస్టన్లా, ఫోర్జ్‌డ్ రాడ్లా, ఏది ముందు?

జవాబు: క్యామ్‌లు కొనేశారా, సరే, అందరూ అక్కడే మొదలెడతారు లెండి. రాడ్లే ముందు, అదే పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీలు. ఇంకా సూటిగా చెప్పాలంటే రాడ్ బోల్టులు.

ఎందుకో చూడండి. స్ట్రోక్‌ని రెండింతలు చేసి ఆర్పీఎంతో గుణించి 60తో భాగిస్తే పిస్టన్ సగటు వేగం వస్తుంది. మీ ఇంజిన్‌కి 7500 దగ్గర అది సెకనుకి 19.25 మీటర్లు, 9000 దగ్గర 23.1. నంబర్ చూసి భయపడక్కర్లేదు, హోండా ఎస్2000లో మొదట వచ్చిన 2 లీటర్ల ఇంజిన్ 84 స్ట్రోక్‌తో షోరూమ్ నుంచే 9000 తిరిగేది, లెక్కేస్తే 25.2. కాకపోతే దాన్ని అలా తిరగడానికే డిజైన్ చేశారు, మీదాన్ని చెయ్యలేదు. పైగా రాడ్ మీద పడే లోడు ఆర్పీఎం స్క్వేర్‌తో పెరుగుద్ది, అంటే 7500 నుంచి 9000కి మీరు పెంచింది 20 శాతమే అయినా లోడు 44 శాతం ఎక్కేస్తుంది.

ఆ లోడు ఎక్కువగా పవర్ స్ట్రోక్‌లో పడుద్దని చాలామంది అనుకుంటారు. కాదండి, ఎగ్జాస్ట్ స్ట్రోక్ (కాలిన గ్యాస్‌ని బయటికి తోసే దశ) చివర్లో. అప్పుడు పైకి దూసుకెళ్తున్న పిస్టన్‌ని ఆపి కిందకి లాగాలి, పైనుంచి నొక్కడానికి మంట ఒత్తిడి ఉండదు, బరువంతా రాడ్ క్యాప్‌ని పట్టుకున్న రెండు బోల్టుల మీదే వేలాడుద్ది. అందుకే మంచి బోల్టులు వేసి, టార్క్ రెంచి టిక్కుమంది కదా అని వదిలేయకుండా బోల్టు ఎంత సాగిందో కొలిచే స్ట్రెచ్ గేజ్‌తో బిగించండి, ఎందుకంటే థ్రెడ్‌కి పూసిన లూబ్ మారితే అదే టార్క్‌కి బోల్టు సాగడం మారిపోద్ది. బిగించకముందు ఒక్కో బోల్టు పొడవు మైక్రోమీటర్‌తో కొలిచి, ఏ సిలిండర్ ఏ పక్కదో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఇంజిన్ విప్పినప్పుడు మళ్లీ కొలిస్తే 0.025 మిల్లీమీటర్లు పెరిగి ఉందా, ఇంక ఆలోచించొద్దు, పారేయండి. ఇంకోటి, పాత రాడ్లకే కొత్త బోల్టులు వేస్తే బిగ్ ఎండ్ (క్రాంక్‌ని పట్టుకునే రాడ్ కింది కన్నం) గుండ్రం పోతుంది, మెషిన్ షాపులో మళ్లీ సైజ్ చేయించాల్సిందే. కంప్రెషన్ పెంచకపోతే, నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని కొట్టడం) రానివ్వకపోతే పిస్టన్లు తర్వాత చూసుకోవచ్చు.

క్యామ్‌లతో పాటు స్ప్రింగులు కొన్నారా? కొనలేదనే నా అనుమానం. స్ప్రింగ్ చాలకపోతే పై ఆర్పీఎంలో వాల్వు క్యామ్ షేప్‌ని వదిలేసి గాల్లో ఉంటుంది, ఆ టైమ్‌లో పిస్టన్ వచ్చి తగిలితే ఇంజిన్ మొత్తం పోయినట్టే. ఫిట్ చేసేముందు పిస్టన్ మీద మోడలింగ్ క్లే అంటించి, పాత గ్యాస్కెట్‌తో హెడ్ పెట్టి, చేత్తో నిదానంగా క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పి, హెడ్ తీసి ఆ క్లేని బ్లేడుతో కోసి చూడండి. బాగా పల్చగా నొక్కుకుపోయిన చోట ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 అన్నా మిగలాలి. షిమ్ములు (వాల్వు గ్యాప్ సరిచేసే బిళ్లలు) బకెట్ (క్యామ్‌కి, వాల్వుకి మధ్యనుండే గిన్నె) పైన కూర్చునే టైప్ అయితే వాటిని కింద ఉండే టైప్‌కి మార్చేయండి, వాల్వుని ఎక్కువ తెరిచే పెద్ద లిఫ్ట్‌కి పైనున్న షిమ్ము ఎగిరి బయటికొచ్చేస్తది.

ఆయిల్ సంగతికొస్తే, అమెచ్యూర్ ఇంజిన్లు బేరింగులు కొట్టేసేది ఎక్కువగా ఇక్కడే. పెద్ద కార్నర్‌లో ఆయిలంతా సంప్‌లో (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) ఒక పక్కకి పోయి పికప్ (ఆయిల్ పీల్చే గొట్టం) గాలి పీలుస్తుంది, గేజ్‌లో ముల్లు ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తుంది, మీరేమో ఆ టైమ్‌లో రోడ్డు చూస్తుంటారు. సంప్‌లో అడ్డు ప్లేట్లు, పికప్ చుట్టూ ఒక వైపుకే తెరుచుకునే తలుపులు పెట్టించండి. ఆయిల్‌ని విడిగా ట్యాంకులో ఉంచే డ్రై సంప్ బెస్ట్, కానీ ఖర్చు మామూలుగా ఉండదు. వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ చొప్పున ప్రెషర్ ఉండాలనేది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక 9000 సంగతి. డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద పవర్ 8000 దగ్గరే పడిపోవడం మొదలైతే, ఆ తర్వాత తిప్పేదంతా చప్పుడే. నేనైతే పవర్ పీక్‌కి 400, 500 పైన లిమిటర్ పెట్టేసి ఊరుకుంటా. అన్నట్టు లిమిటర్ ఉంది కదా అని ధీమా పడొద్దు, నాలుగో గేరు నుంచి మూడుకి బదులు ఒకటిలో పడితే ఇంజిన్‌ని తిప్పేది చక్రాలు, అప్పుడు లిమిటర్ చెయ్యగలిగింది ఏమీ లేదు.

ప్రశ్న: క్రాంక్ ముందున్న రబ్బరు పుల్లీ బరువు, తీసేసి అల్యూమినియంది వేసెయ్ అంటున్నాడు ఫ్రెండ్. వెయ్యొచ్చా?

జవాబు: వద్దు. ఆ రబ్బరు ఉన్నది క్రాంక్ మెలితిరిగే వైబ్రేషన్‌ని మింగడానికి. అది లేకపోతే ఆ దెబ్బ క్రాంక్ ముక్కు మీదున్న ఆయిల్ పంపు గేరుకి తగులుద్ది, సింటర్డ్ (లోహపు పొడి నొక్కి చేసిన) గేరు అయితే ముక్కలైపోద్ది, తర్వాత బేరింగుల గతి చెప్పక్కర్లేదు. బరువు తగ్గాలంటే ఫ్లైవీల్‌లో తగ్గించుకోండి. ఉన్న పుల్లీ లోపలి ముక్కకి, బయటి రింగుకి అడ్డంగా పెయింట్‌తో ఒక గీత గీసి, ప్రతి రేస్ తర్వాత చూడండి. గీత రెండుగా విడిపోయి పక్కకి జరిగి ఉంటే రబ్బరు వదిలేసినట్టే, పుల్లీ మార్చండి.