తక్కువ ఫీజున్న యూనివర్సిటీకే ఎక్కువ కట్టాల్సి రావచ్చు

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్‌లో బీటెక్ చేసి, మూడేళ్లుగా ఒక స్టీల్ డిజైన్ ఆఫీసులో పనిచేస్తోంది. ఇప్పుడు అమెరికాలో సివిల్ ఇంజినీరింగ్, అందులోనూ స్ట్రక్చర్స్‌లో ఎంఎస్ చేస్తానంటోంది. రెండు యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ వచ్చింది. లెటర్లు జతచేస్తున్నాను. రెండుచోట్లా డిగ్రీకి 30 క్రెడిట్లే. ఒకచోట క్రెడిట్‌కు 900 డాలర్లు, రెండోచోట 1,150. మొదటిదానికి వెళ్తే 7,500 డాలర్లు మిగులుతాయి కదా అని నేనంటున్నాను. నా రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్లుంది. పీఎఫ్ తీయాలా, లోన్ తీసుకోవాలా? టీఏ (టీచింగ్ అసిస్టెంట్ పని) దొరికితే ఫీజే ఉండదని ఆమె స్నేహితులు చెబుతున్నారట. దాన్ని నమ్ముకోవచ్చా?

జవాబు: పీఎఫ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 7,500 డాలర్ల సంగతి తేల్చాలి. మీరు పంపిన రెండు లెటర్లూ చదివాను. ఆ డబ్బు మిగులుతుందన్న నమ్మకం నాకు కలగలేదు.

మొదటి యూనివర్సిటీ లెటర్‌లో రెండో పేజీ తీయండి. సంతకానికి కాస్త పైన నాలుగు లైన్ల పేరా ఒకటి ఉంది. అడ్మిషన్ షరతులతో ఇస్తున్నామని, స్ట్రక్చరల్ అనాలిసిస్, సాయిల్ మెకానిక్స్, కాంక్రీట్ డిజైన్, హైడ్రాలిక్స్ అనే నాలుగు కోర్సులు అదనంగా పూర్తి చేయాలని, వాటిలో బి గ్రేడ్‌కు తగ్గకూడదని, వాటి క్రెడిట్లు డిగ్రీ లెక్కలోకి రావని అందులో రాశారు. బీటెక్ సివిల్ కానివాళ్లకు చాలా యూనివర్సిటీలు ఇలాగే పెడతాయి. అందులో అన్యాయమేమీ లేదు. నేల ఎంత బరువు మోస్తుందో చదవకుండా పునాదుల మీద పీజీ కోర్సు ఎలా చేస్తారు? కాకపోతే వాటికీ ఫీజు కట్టాలి. ఒక్కో కోర్సు మూడు క్రెడిట్లు చొప్పున 12 క్రెడిట్లు. అంటే మీరు కొంటున్నది 30 క్రెడిట్లు కాదు, 42.

రెండో యూనివర్సిటీ మాత్రం మీ అమ్మాయి మెకానికల్‌లో చదివిన స్టాటిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్‌ను ఒప్పుకుని, స్ట్రక్చరల్ అనాలిసిస్ ఒక్కటే చేయమంది. అక్కడ 33 క్రెడిట్లు.

ఇప్పుడు కాగితం మీద వేద్దాం. అదనపు కోర్సులకూ అదే రేటు అనుకుంటే, మొదటిచోట 42 ఇంటూ 900, అంటే 37,800 డాలర్లు. రెండోచోట 33 ఇంటూ 1,150, అంటే 37,950. మీరు 7,500 అనుకున్న తేడా 150 డాలర్లకు వచ్చి ఆగింది.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్‌గా చదవాలి. పీజీలో ఎన్ని క్రెడిట్లైతే ఫుల్‌టైమో యూనివర్సిటీ చెబుతుంది, చాలాచోట్ల అది సెమిస్టర్‌కు 9. ఆ లెక్కన 33 క్రెడిట్లు నాలుగు సెమిస్టర్లలో అయిపోతాయి. 42 క్రెడిట్లకు ఐదో సెమిస్టర్ కావాలి. అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపి నెలకు 1,300 డాలర్లు వేసుకున్నా ఐదు నెలలకు 6,500. అంటే తక్కువ ఫీజు యూనివర్సిటీ మీకు 6,350 డాలర్లు ఎక్కువ పడుతోంది. ఉద్యోగం ఆర్నెల్లు ఆలస్యమవడం, అన్నాళ్లూ లోన్ మీద వడ్డీ పెరగడం ఇందులో కలపలేదు.

సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు చొప్పున తీసుకుంటే సరిపోతుంది కదా అని మీ అమ్మాయి అడుగుతుంది. ఒకసారి ఫరవాలేదు. రెండు సెమిస్టర్లు అలా చేయమని మాత్రం నేను చెప్పను. కారణం గ్రేడ్లు. అమెరికాలో పీజీకి 4కి కనీసం 3.0 జీపీఏ ఉండాలన్నది దాదాపు అన్నిచోట్లా ఉన్న నియమం. అంతకన్నా తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారు. మా అక్క కొడుకు ఇక్కడే దెబ్బతిన్నాడు. వాడూ మెకానికల్ నుంచి సివిల్‌కు మారినవాడే. త్వరగా అయిపోతుందని నాలుగు కోర్సులు నెత్తిన పెట్టుకున్నాడు, ఫైనైట్ ఎలిమెంట్స్ అనే కోర్సులో సి వచ్చింది. వాళ్ల యూనివర్సిటీలో సి వచ్చిన కోర్సు డిగ్రీకి చెల్లదు. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, "పిన్నీ, మళ్లీ అదే కోర్సుకు మళ్లీ అంతే ఫీజట" అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. ఆ నియమం వాళ్ల కేటలాగ్‌లో మొదటినుంచీ ఉంది. ఫీజుల పేజీలో లేదు కాబట్టి మేమెవరమూ చూడలేదు. అప్పటినుంచీ ఎవరు ఎంఎస్ అన్నా నేను ముందు డిగ్రీ నియమాల పేజీయే అడుగుతున్నాను. అసలు బిల్లు ఉండేది అక్కడే.

పైగా స్ట్రక్చరల్ అనాలిసిస్ అయితే గానీ కాంక్రీట్ డిజైన్‌లో కూర్చోనివ్వరు. మీ అమ్మాయి కోరుకుంటున్న స్ట్రక్చర్స్ కోర్సుల్లో చాలావాటికి అదే పునాది. మొదటి సెమిస్టర్‌లో ఎన్ని క్రెడిట్లు తీసుకున్నా ఈ వరస దాటడం కుదరదు.

అయితే మొదటి యూనివర్సిటీని ఇప్పుడే కొట్టేయకండి. ఆ నాలుగింటిలో హైడ్రాలిక్స్ ఉంది చూశారా, దాని మీద నాకు ఆశ ఉంది. మెకానికల్ వాళ్లు ఫ్లూయిడ్ మెకానిక్స్, హైడ్రాలిక్ మెషీన్స్ చదివే ఉంటారు. ఆ రెండు సబ్జెక్టుల సిలబస్ కాపీలు, మార్కుల లిస్టు జతచేసి, దీన్ని మినహాయించగలరా అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టమనండి. ఒప్పుకున్నారంటే 39 క్రెడిట్లకు దిగుతుంది. మూడు సెమిస్టర్లు 9, చివరిది 12, మొత్తం నాలుగే. ఫీజు 35,100 డాలర్లు. అప్పుడు మీరన్నదే నిజమవుతుంది, రెండోదానికన్నా 2,850 డాలర్లు తక్కువ. ఒక్క మెయిల్ మీద ఇంత డబ్బు అటూ ఇటూ అవుతోంది.

అదే మెయిల్‌లో ఇంకో రెండు మాటలు అడగాలి. ఈ అదనపు కోర్సులు బీటెక్ స్థాయివి కాబట్టి వాటికి అండర్‌గ్రాడ్ రేటా, పీజీ రేటా? బయట, క్రెడిట్ ఇచ్చే కాలేజీలో ఆన్‌లైన్‌గా ముందే పూర్తి చేస్తే ఒప్పుకుంటారా? కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. జవాబు ఫోన్లో కాదు, రాతపూర్వకంగానే తీసుకోండి.

టీఏ విషయం. ఇది నమ్మి లోన్ తగ్గించుకోవద్దు. అసిస్టెంట్‌షిప్ వస్తే ట్యూషన్ మాఫీ, పైగా నెలనెలా స్టైపెండ్ వస్తుందన్న మాట నిజమే, వారానికి 20 గంటల వరకు పని ఉంటుంది. కానీ సివిల్‌లో ఆ డబ్బు ముందు పీహెచ్‌డీ విద్యార్థులకు పోతుంది, ఎంఎస్ వాళ్లకు మిగిలితే ఇస్తారు. వచ్చినా ట్యూషన్ పోతుంది గానీ యూనివర్సిటీ ఫీజులు చాలాచోట్ల కట్టాల్సిందే. ఇంకొకటి, డిగ్రీ లెక్కలోకి రాని కోర్సులకు మాఫీ వర్తించని చోట్లు కూడా ఉన్నాయి. మీ అమ్మాయికి భారం పడుతున్నది సరిగ్గా ఆ కోర్సుల దగ్గరే. ఇప్పుడు చేతిలో ఉన్న రెండు లెటర్లలోనూ ఫండింగ్ మాట లేదు కాబట్టి, లేదనుకునే ప్లాన్ చేద్దాం. ఒకవేళ ఎక్కడినుంచైనా ఫండింగ్‌తో ఆఫర్ వస్తే కంగారుపడి సరేననకండి. అక్కడి పీజీ విద్యాసంస్థల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు అలాంటి ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా గడువు ఇస్తాయి.

థీసిస్ చేయాలా, కోర్సులతోనే ముగించాలా అని కూడా మీ అమ్మాయి తేల్చుకోవాలి. చాలాచోట్ల 30లో 6 క్రెడిట్లు థీసిస్‌కు పోతాయి, కాబట్టి పైకి ఖర్చు ఒకటే. ప్రయోగమో, రాయడమో ఆలస్యమైతే మాత్రం ఆ సెమిస్టర్‌కూ ఒకటో రెండో క్రెడిట్లు రిజిస్టర్ చేసుకుంటూ పోవాలి. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ చేతికి వస్తే థీసిస్ చేయొచ్చు. సొంత డబ్బుతో చదువుతూ డిజైన్ ఉద్యోగానికే వెళ్లాలనుకుంటే కోర్సుల దారే మేలని నా అభిప్రాయం.

మూడో యూనివర్సిటీ ఏదైనా చూస్తుంటే ఒక చిన్న మాట. స్టాన్‌ఫర్డ్‌లో సివిల్ ఎంఎస్‌కు 45 యూనిట్లని చూసి భయపడేవాళ్లున్నారు. అక్కడ క్వార్టర్ పద్ధతి. ఆ 45 దాదాపు 30 సెమిస్టర్ క్రెడిట్లతో సమానం. రేట్లు పోల్చేముందు ఏ పద్ధతో చూసుకోండి.

చదువు అయ్యాక వచ్చే ఆదాయం మీద కూడా మీ అమ్మాయి బీటెక్ ప్రభావం ఉంటుంది. అక్కడ స్ట్రక్చరల్ డ్రాయింగుల మీద సంతకం పెట్టాలంటే పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు కావాలి. దానికి ముందు ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష, తర్వాత పీఈ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్ల అనుభవం కూడా ఉండాలి. ఈ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బోర్డులు. అవి ఎంఎస్ ఒక్కటే చూడవు, బీటెక్‌లో ఏం చదివారో కూడా చూస్తాయి. కాబట్టి సాయిల్ మెకానిక్స్, కాంక్రీట్ డిజైన్‌ను ఊరికే దండగ అనుకోకండి. హైడ్రాలిక్స్ తప్పించుకోమన్నాను గానీ ఆ రెండూ తప్పించుకోమని అనలేదు.

ఇక మీ పీఎఫ్. దాన్ని ముట్టుకోవద్దు. రిటైర్మెంట్‌కు నాలుగేళ్లే ఉన్నప్పుడు తీసిన డబ్బు తిరిగి పోగుపడే టైమ్ మీకు లేదు. ఆమెకు లోన్ తీర్చడానికి ముప్ఫై ఏళ్ల సంపాదన ముందుంది. సివిల్ ఇంజినీరింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాబట్టి, చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలకు తోడు ఇంకో 24 నెలలు అడగొచ్చు. లోన్ తీర్చడానికి ఆ మూడేళ్లు కీలకం.

లోన్ మాత్రం ఐదో సెమిస్టర్ కూడా వస్తుందనుకునే శాంక్షన్ చేయించుకోండి. వాడుకున్నదానికే వడ్డీ పడుతుంది కాబట్టి సెమిస్టర్ సెమిస్టర్‌కూ ఎంత అవసరమో అంతే విడుదల చేయించుకోండి. డాలరు పెరుగుతుందేమోనని పది శాతం అదనంగా వేసుకోండి. మొదటి సెమిస్టర్ అద్దె, తిండి ఖర్చులకు ఆమె మూడేళ్లలో దాచుకున్న డబ్బు వాడమనండి. మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జీతంలోంచి నెలనెలా వడ్డీ మాత్రం కట్టుకుంటూ రండి. అలా చేస్తే అప్పు మొత్తం పెరగదు, మీ పొదుపూ కదలదు. తండ్రిగా మీరు చేయాల్సిన సాయం అంతవరకే అని నేను గట్టిగా చెబుతాను. అంతకుమించి చేయాలని మీ మనసుకు ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

ఏ యూనివర్సిటీకీ ఇంకా డిపాజిట్ కట్టకండి. కోఆర్డినేటర్ నుంచి జవాబు రాగానే అది నాకు పంపండి. హైడ్రాలిక్స్ పోయిందో ఉందో తెలిస్తే, బ్యాంకులో ఎంత అడగాలో ఆ రోజే లెక్క కట్టి ఇస్తాను.